వాన నీరు ఇంకు వాకిలి

మన పల్లెలలో వాకిలి యనగానే కళ్ళాపియు, దానిపై ముగ్గును జ్ఞప్తికి వచ్చును. ఇంగ్లండులో కాపురమున్న తెలుగువారికి వాకిలి యన మోటారుకారు నిలుచు చోటు. అక్కడి పేటలలోని పాత యిండ్ల ముందు ఒకప్పుడు చిన్న పూలతోట యొకటి ఉండెడిది. ఇంటికొక కారు, పిమ్మట రెండేసి కార్లు వచ్చిన కొలది ఆ తోటలు బాటలైనవి. ఆ బాటను దేనితో వేయించవలెనన్న ప్రశ్న, ఇల్లు గల ప్రతి కుటుంబమునకు ఒకనాడు కాకున్న ఒకనాడు ఎదురగుచున్నది. మన శ్రోతలలో పలువురి బిడ్డలు అక్కడ స్థిరపడి యున్నారు. వేసవిని వారితో గడిపి వచ్చు తల్లిదండ్రులును గలరు. అట్టి యిండ్లలో ఈ మాట తరచు వినవచ్చును గనుక, అక్కడ ఇటీవల మిక్కిలి వాడుకలోనికి వచ్చిన రెజిన్ బాటను గూర్చి ఈ ప్రసంగములో వివరింప దలచితిమి.

మాకీ విషయమున శ్రద్ధ కలుగుటకు కారణము మా మేనల్లుడు. లండనుకు పడమటి వైపున నున్న ఒక పేటలో అతడు పాత యిల్లొకటి కొనెను. ఆ వీధి కొంచెము వాలుగా నుండును. ఇంటిముందు ఎప్పుడో పోసిన సిమెంటు కాంక్రీటు బీటలు వారి, అక్కడక్కడ గుంటలు పడి యుండెను. మేమక్కడ ఉన్న దినములలో ఒక సాయంకాలము గట్టివాన కురిసెను. కాంక్రీటు మీద పడిన నీరంతయు ఒక్క దిక్కునకు కూడుకొని, ప్రక్క యింటి వాకిటిలోనికి పిల్లకాలువవలె పారెను. ఆ యింట ఒక వృద్ధురాలు ఒంటరిగా నివసించుచున్నది. ఆమె వచ్చి ఏమియు అనలేదు. తెల్లవారి చూచుసరికి ఆమె గడప ముందు రెండు ఇసుక మూటలు అడ్డముగా నుండెను. అంతే.

నాలుగు దినములైన పిదప మా మేనల్లుడు రంగురంగుల పుస్తకములు మూడు తెచ్చి మా ముందు పెట్టెను. "మామయ్యా, రెజిన్ వేయిద్దామనుకుంటున్నాను. తేనెరంగు రాయి బాగుంటుందా, బూడిదరంగు బాగుంటుందా?" అని అడిగెను.

"రంగు సంగతి తర్వాత చూద్దాంగాని నాయనా, పడిన నీళ్ళు ఎటు పోతాయో చెప్పారా వాళ్ళు?" అని మేమడిగితిమి.

పుస్తకములను త్రిప్పి చూచితిమి. రాళ్ళ రంగులకు పన్నెండు పుటలు ఉన్నవి. నీటి సంగతి కడపటి పుటలో రెండు పంక్తులలో ముగిసినది.

ముందుగా ఈ వస్తువు ఎట్టిదో చూతము. రెజిన్ అనునది ఒక జిగురు. చెట్ల నుండి కారు గుగ్గిలము వంటివానికి ఇంగ్లీషున ఆ పేరే గలదు గాని, బాటలకు వాడునది కర్మాగారములలో చేయబడు పాలీయూరిథేన్ అను పదార్థము. అది రెండు వేర్వేరు ద్రవములుగా వచ్చును. రెండింటిని కలిపినది మొదలు గట్టిపడుట ఆరంభించును. బాగుగా ఆరబెట్టి సంచులలో నింపిన సన్నని గులకరాళ్ళను ఒక యంత్రములో పోసి, 100 కిలోల రాళ్ళకు సుమారు 7 కిలోల చొప్పున ఆ జిగురును చేర్చి, కొన్ని నిమిషములు త్రిప్పుదురు. ప్రతి రాతికి చుట్టును పలుచని పొర పట్టును. ఆ ముద్దను వెంటనే నేలపై పరచి, 15 మొదలు 18 మిల్లీమీటర్ల మందమున తాపీతో అదిమి చదును చేయుదురు. రాళ్ళలో పెద్దవి 6 మిల్లీమీటర్లకు మించవు.

మరమరాల ఉండలు చుట్టు తల్లులకు ఈ పని కొత్త కాదు. బెల్లపు పాకము ప్రతి మరమరానికి అంటును గాని, వాని నడుమ సందులను పూడ్చివేయదు. ఉండను వెలుతురునకు ఎత్తి చూచినచో సన్నని సందులు కనబడును. రెజిన్ బాటయు అట్టిదే. రాయిని రాయి పట్టుకొని యుండును, సందుల గుండా నీరు క్రిందికి దిగును. ఇదే పేరునకు చాల దగ్గర పేరుతో ఇంకొక పద్ధతి ఉన్నది. అందులో ముందుగా నేలపై జిగురు పూసి, దాని మీద పొడి రాళ్ళను చల్లుదురు. అది అరిసెకు నువ్వులు అద్దుట వంటిది. చూపునకు రెండును ఒక్కటే యనిపించును. కాని అద్దిన బాటలో జిగురు చాపవలె నేలను కప్పివేయును గనుక నీరు చుక్కయైన దిగదు. పై రాళ్ళు కూడ కాలక్రమమున రాలుచుండును. ఏది వేయుచున్నాడో పనివానిని స్పష్టముగా అడిగి, కాగితము మీద వ్రాయించుకొనుట మంచిది.

నీరు దిగిన నేమి, దిగకున్న నేమి అని కొందరు అడుగవచ్చును. ఇంగ్లండులో ఈ ప్రశ్నకు 2007 వేసవి సమాధానము చెప్పినది. ఆ యేడు జూను మాసమున హల్ నగరములో వేలకొలది యిండ్లు మునిగినవి. ఏరు పొంగి వచ్చిన వరద కాదది. పడిన వాననీటిని మురుగు తూములు ఇముడ్చుకొనలేక పోవుటచేత వీధులే చెరువులైనవి. అంతకు రెండేండ్లు ముందుగా, 2005లో, లండన్ అసెంబ్లీ ఒక నివేదికను వెలువరించి, ఆ నగరములో ఇండ్ల ముందరి తోటలలో కప్పివేయబడిన భాగము దాదాపు 12 చదరపు మైళ్ళని, అది హైడ్ పార్కు వంటి ఉద్యానములు 22కు సమానమని తెల్పెను. ఒక్కొక్క గృహస్థుడు కప్పించినది నాలుగు గజములే. అందరి గజములు కలిసినప్పుడు నేల మ్రింగవలసిన నీరు తూములపై బడినది. కావున 2008 అక్టోబరు 1 నుండి ఇంగ్లండులో నిబంధన వచ్చినది. ఇంటి ముందు 5 చదరపు మీటర్లకు మించి నీరు దిగని పదార్థముతో కప్పదలచి, ఆ నీటిని తమ ఆవరణలోనే పచ్చిక మీదికో పూలమడి లోనికో మళ్ళింపనిచో, స్థానిక సంస్థ అనుమతి పొందవలెను. నీరు దిగునట్టి బాటయైనచో ఆ అనుమతి అక్కరలేదు. రెజిన్ బాటకు అక్కడ ఇంత ప్రచారము కలుగుటకు అందము కొంత, ఈ నిబంధన కొంత కారణములు.

ఇందొక వింత గలదు. మెకాడం రోడ్డను మాట మన పెద్దలకు పరిచితమే. దానికి పేరిచ్చిన జాన్ లౌడన్ మెకాడం (1756–1836) స్కాట్లండు దేశస్థుడు. క్రిందనున్న మన్ను పొడిగా నున్నంత కాలము ఎంత బరువునైనను మోయుననియు, కావున బాటను కొంచెము ఎత్తుగా వేసి, పగులగొట్టిన సన్నరాళ్ళతో దిట్టముగా కప్పి, నీటిని ప్రక్కలకు తోలివేయవలెననియు అతని సిద్ధాంతము. 1902లో నాటింగ్‌హాంషైరు సర్వేయరైన ఎడ్గర్ పర్నెల్ హూలీ తారును చిట్టెపు రాళ్ళతో కలుపు పద్ధతికి పేటెంటు పొందెను. దారిలో ఒలికిన తారుపై ఎవరో చిట్టెపు రాళ్ళు పోయగా అచ్చోటు దుమ్ము లేక గట్టిగా నుండుట చూచి అతనికా యోచన తట్టెనని చెప్పుదురు. ఇన్ని తరముల ఇంజనీర్లు నీటిని బాటపై నుండి తరిమివేయుటకే శ్రమించిరి. నేడు ఇంటిముందరి బాట విషయమున వారి మనుమలు నీటిని లోనికి ఆహ్వానించుచున్నారు! అయినను మెకాడం మాట అబద్ధము కాలేదు. తడిసిన మన్ను మెత్తబడును. నీటిని లోనికి రానిచ్చినచో దానికి నిలువ నీడయు, పోవ దారియు చూపవలెను. రెజిన్ బాటలోని కష్టమంతయు ఇక్కడనే యున్నది.

జల్లెడ ఎంత మంచిదైనను దాని క్రింద పళ్ళెము పెట్టినచో నీరు పళ్ళెములోనే నిలుచును. పైనున్న 18 మిల్లీమీటర్ల రాళ్ళపొర జల్లెడ. దాని క్రింద ఏమున్నదన్నది ముఖ్యము. పాత కాంక్రీటు మీదనే రెజిన్ పరచినచో నీరు కాంక్రీటు వరకు దిగి, అక్కడ ఆగి, వాలును బట్టి ప్రక్కకు నడచును. కాంక్రీటులోని బీటలు సైతము కొంతకాలమునకు పైకి తేలును. సరియైన పద్ధతిలో పాత నేలను త్రవ్వి తీసివేసి, అడుగున మన్ను పైకి రాకుండ ఒకవిధమగు గుడ్డను పరచి, దానిపై కనీసము 150 మిల్లీమీటర్ల మందమున కంకర పోసి దిమ్మిస వేయుదురు. ఆ కంకరలో నలుసు ఉండరాదు. మామూలు బాటలకు వాడు కంకరలో రాతిపొడి ఎక్కువగా నుండి సందులను పూడ్చివేయును. బాట గట్టిగా నుండుటకు అదే కావలెను. ఇక్కడ కావలసినది దానికి భిన్నము. అక్కడి పనివారు మొదటిదానిని ఒకటవ తరగతి యనియు, నలుసు లేనిదానిని మూడవ తరగతి యనియు పిలుతురు. తరగతి యనగా నాణ్యమని పొరపడి ఒకటవదే మేలని కోరుకొను అమాయకులు లేకపోలేదు. కంకరపై సందులు గల తారు పొర, దానిపై రెజిన్ పొర. పై నుండి క్రింది వరకు అన్ని పొరలును నీటిని విడుచునవే కావలెను.

లండను క్రింద చాల చోట్ల బంకమన్ను గలదు. అది నీటిని త్వరగా పీల్చదు. అట్టిచోట కంకర పొరయే చిన్న తొట్టి యగును. నలుసు లేని కంకరలో నూటికి 30 పాళ్ళ వరకు ఖాళీ ఉండును గనుక, 150 మిల్లీమీటర్ల కంకర 45 మిల్లీమీటర్ల వానను తనలో దాచుకొనగలదు. ఆ నీరు క్రమముగా మన్నులోనికి ఇంకును. ఇంకని చోట అడుగున సన్నని గొట్టము పెట్టి మెల్లగా బయటికి విడుతురు. త్రవ్వుటకు ముందు ఒక చిన్న గుంట తీసి, నీరు నింపి, అది తరుగుటకు ఎంతసేపు పట్టునో చూచినచో నేల గుణము తెలియును. మా మేనల్లుడు రెండు బక్కెట్లు పోసెను. మరునాటి ఉదయమునకు కూడ గుంటలో నీరు మిగిలి యుండెను.

ఇద్దరు పనివారు వచ్చి చూచి ధరలు చెప్పిరి. మొదటివాడు పాత కాంక్రీటు మీదనే రెండు దినములలో ముగింతుననెను. రెండవవాడు త్రవ్వకము, కంకర, గొట్టము అన్నియు చేర్చి దాదాపు రెట్టింపు అడిగెను. అది ఆ కుటుంబమునకు తేలిక మొత్తము కాదు. పిల్లలిద్దరి చదువు, ఇంటి అప్పు వాయిదాలు ముందున్నవి. మొదటివాని మాట ప్రకారము చేయించినచో డబ్బు మిగులును, వాకిలి పుస్తకములోని బొమ్మవలె నుండును, నీరు మాత్రము వెనుకటివలెనే ముసలమ్మ గడపకు పోవును. రెండు రాత్రులు ఆ యింట ఇదియే చర్చ. కడకు మేమొక మాట చెప్పితిమి. వాకిలినంతయు కప్పవలెనని ఎవరు చెప్పిరి? వారికి ఉన్న కారు ఒక్కటే. కారు నిలుచు 24 చదరపు మీటర్ల మేర సరియైన పద్ధతిని రెజిన్ వేయించి, తక్కిన కాంక్రీటును పెళ్ళగించి మన్నుపోసి పూలమడి చేసిన సరిపోవును గదా. రెండవవాడు లెక్క మరల వేసెను. మొదటివాని ధరకు కొంచెము ఎక్కువగా తేలినది. 24 చదరపు మీటర్ల క్రింది కంకర వెయ్యి లీటర్లకు పైగా నీటిని పట్టును.

ఇక్కడ నిజము చెప్పవలెనన్న, నీరు దిగుటకు రెజినే కానక్కరలేదు. వట్టి గులకరాళ్ళు పోసినను దిగును, ఖర్చు చాల తక్కువ. అయితే అవి చక్రముల క్రింద చెదరును, వీధిలోనికి దొర్లును, పసిపిల్లల తోపుడుబండియు వృద్ధుల చక్రముల కుర్చీయు వానిపై నడువవు. సందులు విడిచి పేర్చు ప్రత్యేకమైన ఇటుకలును గలవు. ఒక ఇటుక క్రుంగినచో దానిని మాత్రమే తీసి సరిచేయవచ్చును. రెజిన్ బాటలో ఒక మూల చెడినచో అతుకు వేయవలెను, ఆ అతుకు తక్కిన దానితో రంగు కలియదు. మోకాళ్ళ నొప్పులు గల తల్లి అతనితో నుండుటచే మా మేనల్లుడు చదునైన రెజిన్ వైపే మొగ్గెను. తారు, కాంక్రీటు చౌక యనుకొనువారు నీటిని మళ్ళించు ఖర్చును కూడ లెక్కలో వేసికొనవలెను.

జిగురులో కూడ రెండు రకములు గలవు. ఒకటి చౌక, కాని ఎండ సోకిన కొలది పసుపుబారి ముదురురంగు తిరుగును. రెండవది ఎండకు రంగు మారనిది, ధర ఎక్కువ. లేతరంగు రాయి కోరుకొన్నవారికి రెండవది తప్పదు. తేనెరంగు రాయి వేయించి చౌక జిగురు వాడినచో రెండేండ్లకు ఆ తేనె పాకమగును.

అన్నింటికంటె పెద్ద శత్రువు పని జరుగునప్పటి చెమ్మ. గట్టిపడక ముందు నీరు తగిలినచో ఈ జిగురు నురుగెత్తి తెల్లబడును, పట్టు పోవును. అందుచేతనే రాళ్ళను ఆరబెట్టి సంచులలో పంపుదురు. వానలోను, మంచులోను, 5 డిగ్రీలకు తక్కువ చలిలోను ఈ పని చేయరాదు. ఆ వీధి చివరనున్న యింట ఒక తేమ దినమున తొందరపడి వేయించిరి. మేము చూచునప్పటికి గేటు ప్రక్కను తెల్లని మచ్చలు, కారు మలుపు తిరుగు చోట చేతితో గీకిన రాలు రాళ్ళు. పాకము ముదరకముందే చుట్టిన ఉండ విడిపోయినట్లు విడిపోవుచుండెను. మా మేనల్లుని యింటికి వచ్చిన పనివాడు ఆకాశమును చూచి రెండు దినములు పని నిలిపెను. "సెలవు పెట్టుకొని కూర్చున్నాను, ఇదేమిటి మామయ్యా" యని మా వాడు విసుగుకొనెను. ఆ పనివానిపై మాకు నమ్మకము కలిగినది ఆనాడే.

మరికొన్ని చిన్న సంగతులు. ఇంగ్లండు ఇండ్ల గోడలలో నేలచెమ్మ పైకి ఎక్కకుండ అడ్డుపొర యొకటి ఉండును. బాట దానికి కనీసము 150 మిల్లీమీటర్లు దిగువన నుండవలెను. అంచులకు ఇటుకలో లోహపు పట్టీలో లేనిచో రాళ్ళు ప్రక్కలకు చితుకును. కారు కాలిబాట దాటి లోనికి వచ్చుటకు అంచురాయిని దించవలెనన్న అది వేరొక అనుమతి, స్థానిక సంస్థనే అడుగవలెను. పని ముగిసిన పిదప కారును కనీసము ఒక దినము బయటనే ఉంచుట మేలు. చలికాలమైన ఇంకను ఎక్కువ. ఆ పిమ్మట సైతము నిలిచియున్న కారు చక్రములను అక్కడికక్కడే గిర్రున త్రిప్పుట బాటకు మంచిది కాదు.

మేము తిరిగివచ్చిన తరువాత అక్టోబరులో అక్కడ వరుసగా వానలు కురిసినవి. మా మేనకోడలు వ్రాసిన దానిని బట్టి, వాకిటిలో నీరు నిలువలేదు. ప్రక్క యింటివైపు పారలేదు. ముసలమ్మ ఒక ఇసుక మూటను తీసివేసినదట. రెండవది ఇంకను అక్కడనే యున్నది.

బాటను వేయించుటతో పని తీరదు. రాలిన ఆకులు కుళ్ళి, దుమ్ముతో కలిసి సందులలో చేరినచో జల్లెడ పూడుకొనిపోవును, నీడపట్టున పాచి పట్టును. క్రిందినుండి కలుపు రాదు గాని, గాలికి వచ్చిన విత్తనములు ఆ దుమ్ములో మొలకెత్తును. వారమునకొకమారు ఊడ్చుట, ఏడాదికొక తూరి నీటి ధారతో కడుగుట చాలును. ధార మరీ ఉద్ధృతముగా నుండరాదు. ఇంజను నుండి కారిన నూనెను వెంటనే తుడువవలెను. ఇట్లు చూచుకొనినచో పదిహేనేండ్లకు పైగా నిలుచునని పనివారి మాట.

మా మేనకోడలి సందేహము మరొకటి. సంక్రాంతికి ముగ్గెక్కడ వేయుట? ఈ బాటపై వేసిన పిండి సందులలోనికి దిగిపోవును, గీత నిలువదు. పైగా పిండితో సందులు పూడును. అందుచేత గుమ్మము ముందు మూడడుగుల మేర రెజిన్ వేయక, నునుపైన రాతిపలక నొకదానిని పరపించి, దాని వాలును పూలమడి వైపునకు ఉంచిరి. ముగ్గు దానిమీదనే వేయుచున్నారు.